కోచ్‌ని మారిస్తే జట్టు మారుతుందా? రగ్బీ అభిమానుల మూడు గొడవలు

నమస్తే అండీ. ఈ వీడియో రగ్బీ గురించి. సరిగ్గా చెప్పాలంటే రగ్బీ అభిమానుల గొడవల గురించి.

జాతీయ జట్టు ఒక పెద్ద మ్యాచ్ ఓడితే చాలు, మూడు గొడవలు ఒకేసారి లేస్తాయి. కోచ్‌ని పంపించెయ్యండి, ఫలానా ఆటగాణ్ని ఎందుకు పక్కన పెట్టారు, బయటి నుంచి మంచివాళ్లను ఎందుకు తెచ్చుకోరు. న్యూజిలాండ్ అయినా, వేల్స్ అయినా ఇదే వరస. అందరూ గొంతు చించుకునేది మాత్రం కోచ్ మీదే. నన్నడిగితే అసలు కథ వేరే చోట ఉంది. కోచ్‌కి ఎవరిని ఎంచుకునే వీలుంది, దొరికినవాణ్ని ఏ స్థానంలో ఆడించాడు, ఈ రెండూ చూడకుండా కోచ్‌ని తిట్టడం దండగ.

ముందు కోచ్ సంగతే చూద్దాం. 2023 ప్రపంచకప్ సెప్టెంబర్‌లో మొదలైంది. 2022 డిసెంబర్‌లో ఇంగ్లండ్ బోర్డు ఎడ్డీ జోన్స్‌ని తీసేసి స్టీవ్ బోర్త్‌విక్‌ని పెట్టుకుంది. అదే నెలలో వేల్స్ వాళ్లు వేన్ పివాక్‌ని సాగనంపి, పాత కోచ్ వారెన్ గాట్లాండ్‌ని వెనక్కి పిలిచారు. జనవరిలో ఆస్ట్రేలియా వంతు. డేవ్ రెనీని తప్పించి, ఇంగ్లండ్ వద్దనుకున్న ఆ ఎడ్డీ జోన్స్‌నే తెచ్చి నెత్తిన పెట్టుకుంది. మందు ఒకటే, వేసుకున్నది ముగ్గురు. ఇంగ్లండ్ మూడో స్థానంలో నిలిచింది. వేల్స్ క్వార్టర్‌ఫైనల్లో అర్జెంటీనా చేతిలో ఓడింది. ఆస్ట్రేలియా అయితే ప్రపంచకప్ చరిత్రలో మొదటిసారి గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టింది. పోనీ వేల్స్‌కి మందు పనిచేసిందనుకుందామా? 2024లో ఒక్క టెస్టు కూడా, అంటే ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా గెలవలేదు. 2025 ఫిబ్రవరిలో, సిక్స్ నేషన్స్ అనే ఆరు యూరప్ దేశాల టోర్నీ మధ్యలోనే గాట్లాండ్ తప్పుకున్నాడు.

ఇప్పుడు కోచ్‌ని మార్చని జట్టు సంగతి. 2022 జులైలో న్యూజిలాండ్ సొంతగడ్డ మీద ఐర్లాండ్‌కి సిరీస్ 2-1తో అప్పజెప్పింది. అభిమానులు కోచ్ ఇయాన్ ఫాస్టర్‌ని ఏకిపారేశారు. బోర్డు ఏం చేసిందంటే, ఫాస్టర్‌ని ఉంచి అతని కింద ఉన్న ఇద్దరు సహాయకులను మార్చింది. ఫార్వర్డ్స్‌ని, అంటే ముందుండి బంతి కోసం తోసుకునే బరువైన ఎనిమిది మందిని చూసుకోవడానికి జేసన్ ర్యాన్ వచ్చాడు, జో ష్మిట్ పాత్ర పెరిగింది. ఆ తర్వాత 2023 మార్చిలో, ప్రపంచకప్ అయ్యాక స్కాట్ రాబర్ట్‌సన్ పగ్గాలు తీసుకుంటాడని ప్రకటించేసింది. అంటే ఫాస్టర్ తన ఉద్యోగం పోతుందని తెలిసే ప్రపంచకప్‌కి వెళ్లాడు. వెళ్లి ఫైనల్ ఆడాడు. కెప్టెన్ శామ్ కేన్‌కి రెడ్ కార్డు పడి, మ్యాచ్‌లో ఎక్కువ భాగం 14 మందితో ఆడి, దక్షిణాఫ్రికా చేతిలో ఒక్క పాయింటు తేడాతో, 12-11తో ఓడిపోయాడు. స్క్రమ్‌లో, అంటే రెండు జట్ల ఫార్వర్డ్స్ బంతి కోసం ఎదురెదురుగా తోసుకునే చోట, ఎలా తొయ్యాలో నేర్పేవాణ్ని మార్చడం ఎవరికీ పెద్ద వార్తగా అనిపించదు. ఆ జట్టుకి మాత్రం అదే పనికొచ్చిందని నా నమ్మకం.

సరే, రెండో గొడవకి వద్దాం, ఎవరిని ఎంచుకున్నారు, ఎక్కడ ఆడించారు అన్నది. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి.

2015 ప్రపంచకప్, ఆతిథ్యం ఇంగ్లండ్. కోచ్ స్టువర్ట్ లాంకాస్టర్. అంతకు ముందు ఏడాది రగ్బీ లీగ్ నుంచి శామ్ బర్గెస్ అనే పెద్ద స్టార్‌ని తెచ్చారు. లీగ్ అంటే 13 మంది ఆడే ఆట, యూనియన్ అంటే 15 మంది ఆడేది. పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ వేర్వేరు ఆటలే. బర్గెస్ ఆస్ట్రేలియాలో సౌత్ సిడ్నీ తరఫున 2014 గ్రాండ్ ఫైనల్లో చెంప ఎముక విరిగినా చివరిదాకా ఆడి గెలిపించిన మనిషి. బాత్ క్లబ్‌లో చేరాక, అక్కడి కోచ్ అతన్ని ఫ్లాంకర్‌గా, అంటే ఫార్వర్డ్స్‌లో 6వ నంబర్‌గా ఆడించాడు. ఇంగ్లండ్ జట్టు మాత్రం 12వ నంబర్ జెర్సీ ఇచ్చి సెంటర్‌గా, అంటే వెనక ఉండి బంతితో పరుగెత్తే బ్యాక్స్ మధ్యలో దింపింది. క్లబ్‌లో ఒక ఉద్యోగం, దేశానికి ఇంకో ఉద్యోగం. పైగా మొత్తం అనుభవం ఒక్క ఏడాది కూడా లేదు.

ఇంగ్లండ్ సొంత మైదానం ట్వికెన్‌హామ్‌లో వేల్స్‌తో మ్యాచ్. ఇంగ్లండ్ ఒక దశలో 10 పాయింట్లు ముందుంది. వేల్స్ బ్యాక్స్‌లో ఒకరి తర్వాత ఒకరు గాయాలతో బయటికి పోయారు. చివరికి స్క్రమ్ నుంచి బంతి తీసి అందించే స్క్రమ్ హాఫ్ (9వ నంబర్) లాయిడ్ విలియమ్స్ మైదానం అంచున, వింగ్‌లో ఆడాల్సి వచ్చింది. ఆ విలియమ్సే ఎడమ వైపు నుంచి లోపలికి బంతిని తన్నాడు, గారెత్ డేవిస్ పరుగెత్తుకొచ్చి అందుకుని ట్రై చేశాడు, అంటే బంతిని గోల్ గీత దాటించి నేలకి ఆనించాడు. డాన్ బిగర్ ఆ రోజు ఒక్కడే 23 పాయింట్లు తన్నాడు. వేల్స్ 28, ఇంగ్లండ్ 25. చివర్లో పెనాల్టీ దొరికితే గోల్‌కి తన్ని డ్రా చేసుకోకుండా, కెప్టెన్ క్రిస్ రాబ్‌షా మూలకి తన్నించి లైనౌట్ (పక్క గీత నుంచి బంతిని లోపలికి విసిరి ఆట మొదలుపెట్టడం) తీసుకున్నాడు. వేల్స్ వాళ్లు ఇంగ్లండ్ వాళ్లను పక్క గీత బయటికి నెట్టేశారు, కథ ముగిసింది.

మర్నాడు తిట్లన్నీ ఎవరికి? బర్గెస్‌కి! నిజానికి అతన్ని బయటికి పిలిచేసరికి ఇంగ్లండ్ ఆధిక్యంలోనే ఉంది. అతని తప్పల్లా వేరేవాళ్లు నిర్ణయించిన చోట నిలబడడం. నవంబర్‌కల్లా అతను మళ్లీ లీగ్‌కి వెళ్లిపోయాడు. ఇంగ్లండ్ తరఫున ఆడినవి మొత్తం 5 టెస్టులు.

ఇక అదే ప్రపంచకప్‌లో మూడో గొడవ, బయట ఆడేవాళ్లను పిలవడం. దీని గురించి ఎందుకు ఎక్కువ మాట్లాడరో నాకర్థం కాదు. ఇంగ్లండ్‌కి ఒక నియమం ఉంది, విదేశీ క్లబ్బుల్లో ఆడేవాళ్లను అసాధారణ పరిస్థితుల్లో తప్ప తీసుకోరు. 2014లో యూరప్ ఉత్తమ ఆటగాడు స్టెఫాన్ ఆర్మిటేజ్, ఫ్రాన్స్‌లో తులోన్ క్లబ్. 2015లో యూరప్ ఉత్తమ ఆటగాడు నిక్ అబెండనాన్, ఫ్రాన్స్‌లోనే క్లెర్మాన్ క్లబ్. ఇద్దరూ ఇంగ్లండ్‌కి ఆడినవాళ్లే. ఇద్దరినీ తీసుకోలేదు. ఆర్మిటేజ్ ఆడేది కింద పడ్డ బంతిని లాక్కునే ఓపెన్‌సైడ్ స్థానం. ఇంగ్లండ్‌కి సరిగ్గా అక్కడే లోటు.

ఆస్ట్రేలియాకీ అలాంటి నియమమే ఉండేది. వాళ్లు 2015లోనే దాన్ని సడలించారు. 60 టెస్టులు ఆడి, ఏడేళ్లు దేశవాళీ రగ్బీలో ఉన్నవాడు బయట ఆడుతున్నా పిలవచ్చు అన్నారు. దానికి గిటో లా అనే పేరు పడింది, మాట్ గిటో వల్ల. అతనిది కూడా తులోన్ క్లబ్బే! ఆర్మిటేజ్‌తో కలిసి ఆడేవాడు. ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్‌ని 33-13తో ఓడించి ప్రపంచకప్ నుంచి గెంటేసిన మ్యాచ్‌లో ఆఖరి ట్రై ఎవరిదో తెలుసా? గిటోది. ఒక క్లబ్‌లో ఇద్దరు. ఒకడు మైదానంలో ట్రై కొడుతున్నాడు, ఇంకొకడిని సొంత దేశం పిలవనే లేదు. ఆస్ట్రేలియా ఫైనల్ దాకా వెళ్లింది. లాంకాస్టర్ ఉద్యోగం పోయింది, నియమం మాత్రం అలాగే ఉండిపోయింది.

అలాగని తలుపులు బార్లా తెరిచెయ్యమని నేననను. ఫ్రాన్స్, జపాన్ క్లబ్బులు ఇచ్చే డబ్బుతో న్యూజిలాండ్ లాంటి చిన్న దేశం పోటీ పడలేదు. దేశానికి ఆడాలంటే ఇక్కడే ఉండాలి అన్న నియమం లేకపోతే సూపర్ రగ్బీ అనే టోర్నీలో ఆడే వాళ్ల క్లబ్ జట్లు ఖాళీ అయిపోతాయి. రిచీ మొఉంగా 2023 తర్వాత జపాన్ వెళ్లాడు, ఆ మరుక్షణం నుంచి ఆల్ బ్లాక్స్‌కి, అంటే న్యూజిలాండ్ జాతీయ జట్టుకి పనికిరాకుండా పోయాడు. అభిమానులు లబలబలాడారు. బోర్డు భయమూ న్యాయమే. నా ఓటు గిటో లా లాంటి మధ్యే మార్గానికి. ఇన్ని టెస్టులు ఆడు, ఆ తర్వాత నీ ఇష్టం.

దక్షిణాఫ్రికా ఇంకా ధైర్యం చేసింది. విదేశాల్లో ఆడేవాడికి కనీసం 30 టెస్టులు ఉండాలని 2017లో నియమం పెట్టుకుంది. 2018లో రాసీ ఎరాస్మస్ కోచ్‌గా వచ్చాక అది పోయింది. ఇంగ్లండ్‌లో సేల్ క్లబ్‌కి ఆడుతున్న ఫాఫ్ డి క్లర్క్‌కి అప్పటికి 30 టెస్టులు లేవు. 2019 ఫైనల్లో 9వ నంబర్ అతనిదే. స్కోరు 32-12, ఓడింది ఇంగ్లండ్.

2023లో వాళ్లు చేసింది చూస్తే గుండె ఆగిపోతుంది. మాల్కమ్ మార్క్స్ అనే హుకర్‌కి (స్క్రమ్ ముందు వరుస మధ్యలో ఉండి, లైనౌట్‌లో బంతి విసిరేవాడు) మోకాలి గాయమైంది. అతని బదులు ఇంకో హుకర్‌ని పిలవాలి కదా? ఫ్లై హాఫ్, అంటే ఆటని నడిపించే 10వ నంబర్, హాండ్రే పొలార్డ్‌ని పిలిచారు! ఎందుకంటే వాళ్ల గోల్ తన్నులు గురితప్పుతున్నాయి, ఆ తర్వాత ఐర్లాండ్‌తో 13-8తో ఓడిన మ్యాచ్‌లోనూ అదే జరిగింది. న్యూజిలాండ్‌తో ఫైనల్లో బెంచ్ మీద ఏడుగురు ఫార్వర్డ్స్, ఒక్కడే బ్యాక్. మొదటి నిమిషాల్లోనే ఉన్న ఒక్క అసలు హుకర్ బోంగి ఎంబొనాంబి గాయంతో వెళ్లిపోయాడు. 37 ఏళ్ల డియోన్ ఫూరీ, అప్పటికి ఎక్కువగా ఫ్లాంకర్‌గా ఆడుతున్నవాడు, వచ్చి మిగతా మ్యాచ్ అంతా ఆ స్థానంలో ఆడాడు. లైనౌట్లు తడబడ్డాయి. దక్షిణాఫ్రికా 12 పాయింట్లూ పొలార్డ్ తన్నినవే.

చివర్లో న్యూజిలాండ్ ఆటగాడు జోర్డీ బారెట్ చాలా దూరం నుంచి తన్నిన పెనాల్టీ పక్కకి పోయింది. అది లోపలికి పోయి ఉంటే? ఒక్క హుకర్‌తో ఫైనల్ ఆడతారా అని అప్పటికి డైరెక్టర్‌గా ఉన్న రాసీని, ప్రధాన కోచ్‌గా ఉన్న నీనబర్‌ని కలిపి ఉతికి ఆరేసేవాళ్లు. ఎంపిక అదే, తిట్టేవాళ్లు, పొగిడేవాళ్లు కూడా అదే మనుషులు.

అదే ఏడాది ఎడ్డీ జోన్స్ కూడా జూదమే ఆడాడు. అనుభవజ్ఞులైన మైకేల్ హూపర్‌ని, క్వేడ్ కూపర్‌ని వదిలేసి, అసలైన ఫ్లై హాఫ్‌గా 22 ఏళ్ల కార్టర్ గోర్డన్ ఒక్కణ్నే తీసుకెళ్లాడు. ఫిజీ చేతిలో 22-15, వేల్స్ చేతిలో 40-6. అయితే ఇద్దరి జూదం ఒకటి కాదు. రాసీది ఏళ్ల తరబడి కలిసి ఆడిన జట్టు, కొత్త కుర్రాడి నెత్తిన భారం పెట్టలేదు. ఎడ్డీది ఎనిమిది నెలల కాపురం.

బయటి దేశాల్లో పుట్టినవాళ్లను తెచ్చుకోవడం మీద కూడా గొడవ ఉంది, త్వరగా చెప్పేస్తాను. తల్లిదండ్రుల్లో, తాతానాన్నమ్మల్లో ఒకరు ఆ దేశంలో పుట్టినా చాలు, లేదా అక్కడ వరుసగా కొన్నేళ్లు ఉన్నా చాలు. ఆ గడువు ముందు మూడేళ్లు, ఇప్పుడు ఐదేళ్లు. ఐర్లాండ్‌కి ఆడిన బండీ అకీ, జేమ్స్ లో (Lowe), జేమిసన్ గిబ్సన్-పార్క్ ముగ్గురూ న్యూజిలాండ్‌లో పుట్టి, మూడేళ్ల లెక్కలో వచ్చినవాళ్లే. 2022 నుంచి ఇంకో వెసులుబాటు కూడా ఇచ్చారు. ఒక దేశానికి ఆడి, మూడేళ్లు అంతర్జాతీయ ఆటకి దూరంగా ఉంటే, తన మూలాలున్న దేశానికి మారవచ్చు. చార్ల్స్ పియుటావు న్యూజిలాండ్ నుంచి టోంగాకి వచ్చింది అలాగే. దీన్ని మాత్రం నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఏళ్లుగా పసిఫిక్ దీవుల పిల్లలను పెద్ద దేశాలు ఎగరేసుకుపోయాయి, కొందరైనా వెనక్కి వస్తున్నారు.

ఇక ఇప్పుడు నా కళ్లన్నీ ఒక్కడి మీద ఉన్నాయి, జోసెఫ్ సువాలీ. ఇతనూ లీగ్ నుంచి వచ్చినవాడే, ఆస్ట్రేలియా పెద్ద మొత్తం పోసి తెచ్చుకుంది. 2024 నవంబర్‌లో ట్వికెన్‌హామ్‌లో మొదటి టెస్టు, 13వ నంబర్ జెర్సీ, అంటే సెంటర్, ఇంగ్లండ్‌ని 42-37తో ఓడించారు, ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అతనే. గాల్లోకి లేచి ఒంటి చేత్తో బంతి లాక్కుంటుంటే చూడాలి. కాకపోతే సిడ్నీలోని వారటాస్ క్లబ్‌కి వెళ్లాక ఫుల్‌బ్యాక్‌గా, అంటే అందరికంటే వెనక, 15వ నంబర్‌లో కూడా ఆడించారు. క్లబ్‌లో ఒకటి, దేశానికి ఇంకొకటి. ఈ వరస ఎక్కడో చూశాం కదా? 2027 ప్రపంచకప్ ఆస్ట్రేలియాలోనే. నా లెక్కలో 13లోనే ఉంచాలి, క్లబ్ కూడా ఒప్పుకోవాలి. మీరు 15 అంటారా? అయితే 13లో ఎవరిని పెడతారో కూడా కామెంట్‌లో రాయండి, చదువుతాను.