కన్నపుదొంగకు గురువు దొరికితే

సభాధ్యక్షులకు, ఫిలిం క్లబ్ నిర్వాహకులకు, చిన్న చిత్రాలు తీస్తూనో, తీయాలని తహతహలాడుతూనో ఇక్కడికి వచ్చిన మిత్రులకు నమస్కారం.

మీరు ఇప్పుడే చూసిన ‘ఫాలోయింగ్’ నిడివి గంటా పది నిమిషాలు. 1998లో వచ్చిన ఈ నలుపు తెలుపు చిత్రం క్రిస్టఫర్ నోలన్ తీసిన మొదటి పూర్తి నిడివి చిత్రం. నిర్మాణానికి సుమారు 6,000 డాలర్లు అయిందని చెబుతారు. ఆ అంకె చెప్పగానే ప్రతి సభలోనూ ఒక నిట్టూర్పు వినిపిస్తుంది, ఇప్పుడూ వినిపించింది. మనలో ప్రతివాడూ ఆ అంకెను రూపాయల్లోకి మార్చుకుని, మన దగ్గర అంతకంటే ఎక్కువే ఉంది కదా అని ఒక క్షణం సంతోషిస్తాడు. అయితే ఆ డబ్బులో ఇమిడే కథను నోలన్ ఎలా ఎంచుకున్నాడన్నదే నాకు ఆసక్తికరమైన ప్రశ్న. ఆ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు పేరు కాబ్. కార్లు, తుపాకులు, మంటలు చేయవలసిన పనినంతా ఈ చిత్రం కాబ్ అనే గురువు నోటి మాటల చేత చేయించింది. ఈ సాయంత్రం నేను మాట్లాడేదంతా దాని గురించే.

ముందు చిత్రీకరణ సంగతి. నోలన్, అతని మిత్రులు వారమంతా ఉద్యోగాలు చేసుకుంటూ, శనివారాల్లో మాత్రమే షూటింగ్ చేసుకుంటూ, దాదాపు ఏడాది పాటు ఈ పని సాగించారు. కెమెరా నోలనే పట్టుకున్నాడు. కథానాయకుడు జెరెమీ థియోబాల్డ్ నిర్మాతల్లో ఒకడు. పోలీసు అధికారిగా కనిపించిన జాన్ నోలన్ దర్శకుడికి స్వయానా బాబాయి. ఇళ్లు తెలిసినవాళ్లవి, వెలుతురు కిటికీలోంచి వచ్చేది. డబ్బు ప్రధానంగా ఖర్చయింది ముడి ఫిలిం మీదే. వంద అడుగుల పదహారు మిల్లీమీటర్ల ఫిలిం, సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేముల వేగంతో, మూడు నిమిషాలైనా పూర్తిగా రాదు. అందువల్ల నాటకానికి చేసినట్టుగా ముందే రిహార్సల్స్ చేసుకుని, ఒకటి రెండు టేకుల్లో సన్నివేశాన్ని ముగించేవారు. మెమరీ కార్డు నిండితే చెరిపేసుకుని మళ్లీ తీసుకునే మనకు, నటుడు మాట తడబడితే డబ్బు కాలిపోతున్న చప్పుడు వినిపించే ఆ స్థితిని ఊహించుకోవడం కొంచెం కష్టమే.

ఇలాంటి పరిస్థితిలో ఛేజ్ తీయలేరు. నా స్వానుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం మేం నలుగురు మిత్రులం కలిసి ఒక చిన్న నేరకథ తీయబోయి, చివర్లో కారు ఛేజ్ లేకపోతే థ్రిల్లర్ ఎలా అవుతుందని వాదించుకుని, ఉన్న డబ్బులో సగం పెట్టి ఒక పాత కారును, నలుగురు ఫైటర్లను ఒక్క రోజుకు మాట్లాడుకున్నాం. పదకొండు గంటలకు కారు క్లచ్ ప్లేటు పోయింది. మెకానిక్ వచ్చేసరికి ఎండ వాలిపోయింది; ఫైటర్లు బేటాలు తీసుకుని, మా భోజనాలు కూడా వాళ్లే తిని వెళ్లిపోయారు. చివరికి హీరోను ఒంటరిగా పరుగెత్తించి, వెనక ఎవరో తరుముతున్నారని ప్రేక్షకుడినే ఊహించుకోమన్నాం. ప్రేక్షకుడు ఆ పని చేయడానికి ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో ‘ఫాలోయింగ్’ చూసిన తర్వాతే నాకు అర్థమైంది: ఊహించుకోవడానికి కావలసిన సామగ్రి మేం అతనికి ఇవ్వలేదు.

ఆ సామగ్రి ఎలా ఇవ్వాలో మన పాతవాళ్లకు బాగా తెలుసు. శూద్రకుని ‘మృచ్ఛకటికం’ మూడో అంకంలో శర్విలకుడు చారుదత్తుని ఇంటికి కన్నం వేయడానికి అర్ధరాత్రి వస్తాడు. వచ్చినవాడు పని మొదలుపెట్టకుండా శాస్త్రం వల్లిస్తాడు. కాల్చిన ఇటుకల గోడ అయితే ఇటుకలను ఊడలాగాలి, పచ్చి ఇటుకలైతే కోయాలి, మట్టి గోడ అయితే తడపాలి, కొయ్య అయితే చీల్చాలి. కన్నం ఆకారం పద్మంలా ఉండాలా, బాలచంద్రుడిలా ఉండాలా, పూర్ణకుంభంలా ఉండాలా అని తర్కించి, కాల్చిన ఇటుకలకు పూర్ణకుంభమే శోభిస్తుందని తేల్చుకుంటాడు. తెల్లవారి ఇరుగుపొరుగు వచ్చి తన పనితనాన్ని మెచ్చుకోవాలి కదా! కార్తికేయుడికి మొక్కి, తాను యోగాచార్యుడికి ప్రథమ శిష్యుణ్నని గర్వంగా చెప్పుకుని, కొలతాడు మరచిపోయి వచ్చినందుకు జంధ్యంతోనే గోడ కొలుస్తాడు. నాటకంలో ఆ గోడను కట్టినవీ, దానికి కన్నం వేసినవీ శర్విలకుడి మాటలే. దండి రాసిన ‘దశకుమారచరితం’లోనూ అపహారవర్మ చోరవిద్యను ఒక శాస్త్రంగానే చెబుతాడు, దాన్ని పదమూడో శతాబ్దిలోనే కేతన మనకు తెనిగించి పెట్టాడు. దొంగ తన విద్య గురించి మాట్లాడుతుంటే వినడంలో ఒక రుచి ఉంది. ఆ రుచికి పైసా ఖర్చు లేదు.

నోలన్ పట్టుకున్నది ఈ రుచినే అని నేను అనుకుంటున్నాను. అతను శూద్రకుణ్ని చదివాడని నా ఉద్దేశం కాదు. లండన్‌లో ఆంగ్ల సాహిత్యం చదువుకున్న కుర్రవాడు తన దారిన తాను అక్కడికి చేరాడు. కథానాయకుడికి పని లేదు, రచయిత కావాలన్న కోరిక ఉంది. కాలక్షేపానికి వీధిలో అపరిచితులను వెంబడిస్తుంటాడు. ఆ అలవాటు ముదరకుండా ఒకే మనిషిని రెండోసారి వెంబడించకూడదని నియమం పెట్టుకుని, తర్వాత ఆ నియమాన్ని తానే తప్పుతాడు. అతని చేత ఆ నియమం తప్పించిన మనిషి కాబ్. సూటు వేసుకున్న, నున్నగా మాట్లాడే కాబ్ ఒక రోజు కేఫ్‌లో తిన్నగా వచ్చి ఇతని బల్ల దగ్గరే కూర్చుని, ఎందుకు వెంటపడుతున్నావని అడుగుతాడు. పట్టుబడినవాడు తడబడతాడు. పట్టుకున్నవాడు తాను ఇళ్లలో చొరబడే దొంగనని చెప్పి, వెంట రమ్మంటాడు.

ఆ తర్వాత జరిగే పాఠాలను జాగ్రత్తగా గమనించండి. ఎవరిదో ఇల్లు. ఇద్దరు మనుషులు, ఒక చేతి కెమెరా. కాబ్ విలువైన వస్తువుల జోలికి పెద్దగా పోడు. ప్రతి మనిషికీ ఒక పెట్టె ఉంటుందంటాడు. ఉత్తరాలు, ఫొటోలు, పనికిరాని చిన్నచిన్న వస్తువులు తెలియకుండానే దాచుకునే పెట్టె. దాన్ని తెరిచి ఆ ఇంటివాళ్ల వయసు, చదువు, వాళ్ల మధ్య ఉన్న సంబంధం ఊహించి చెబుతాడు. వాళ్ల సీసాలోని వైన్ తాగుతాడు. ఒక ఇంట్లో తెచ్చిన ఆడవాళ్ల లోదుస్తులను మరో ఇంట్లో మగవాడి ప్యాంటు జేబులో దోపుతాడు. ఉన్నదాన్ని తీసేస్తేనే అది తమకు ఉండేదని మనుషులకు తెలిసివస్తుందన్నది అతని సిద్ధాంతం. కాబ్ ఈ మాటలు చెబుతున్నంతసేపు మనం ఆ గదిని అతని కళ్లతో చూస్తాం. మామూలు అల్మరా, మామూలు మంచం, మామూలు అట్టపెట్టె అపాయకరమైన వస్తువులుగా కనిపిస్తాయి. సెట్టింగుకు పెట్టవలసిన ఖర్చంతా ఇక్కడ సంభాషణ భరిస్తోంది.

ఈ పాఠాల్లో నాకు మరీ ఇష్టమైనది శిష్యుడు గురువును తన సొంత గదికే తీసుకువెళ్లడం. అది ఎవరిదో గది అని నమ్మించి, పరీక్ష నెగ్గుదామనుకుంటాడు. కాబ్ ఆ గదిని చూసి చప్పరించేసి, ఇక్కడ దొంగిలించడానికి ఏముందని తీసిపారేస్తాడు. శిష్యుడి ముఖం చిన్నబోతుంది. తన బతుకు మీద తీర్పు తన ఎదుటే చెబుతుంటే, అది తనదని ఒప్పుకోలేక, కాదనలేక నిలబడిన ఆ మనిషిని చూసి నాకు నవ్వూ వచ్చింది, జాలీ కలిగింది. ఆ తర్వాత అతను జుట్టు కత్తిరించుకుని ముదురు రంగు సూటు వేసుకోవడం మనకు సహజంగా తోస్తుంది. గురువు మెచ్చుకోని శిష్యుడు గురువు వేషం వేసుకుంటాడు.

ఆ వేషమే కథనానికి కొండగుర్తు కూడా. కథాక్రమం ముందుకూ వెనక్కూ దూకుతుంటే మనకు దారి చూపేది అతని తల, ముఖం. పెరిగిన జుట్టు ఉంటే మొదటి దశ, కత్తిరించిన జుట్టు, సూటు ఉంటే రెండో దశ, దెబ్బలు తిని కన్ను వాచి ఉంటే మూడో దశ. కాలాన్ని మూడు ముక్కలు చేయడానికి వాళ్లకు ఒక క్షవరం, ఒక సూటు, కాస్త మేకప్ సరిపోయాయి. చాలామంది ఈ ముక్కలు చేయడాన్ని దర్శకుడి గారడీగా చూస్తారు. నేను ఒప్పుకోను. శిష్యుడికి ఏ క్షణంలోనూ కథ మొత్తం తెలియదు. ముక్కలుగా చూపిస్తే మనకూ తెలియదు. వరసగా చెప్పి ఉంటే మనం అతని కంటే తెలివైనవాళ్లమై కూర్చునేవాళ్లం. ఇప్పుడు అతనితోపాటు మనమూ పాఠం వింటున్నాం, అతనితోపాటు మోసపోతున్నాం.

మోసం ఎలా జరిగిందో ఒకసారి విడదీసి చూద్దాం. తాము దోచిన ఇంటి యజమానురాలి మీద యువకుడు మనసు పడతాడు. పాత్రకు పేరు లేదు. నటించినది లూసీ రసెల్. ఒక బట్టతల నేరస్థుడు ఫొటోలతో తనను బెదిరిస్తున్నాడని ఆమె చెప్పగా, ఇతను ఒక సుత్తి పట్టుకుని ఆ ఫొటోల కోసం అతని చోట చొరబడతాడు. అడ్డొచ్చిన మనిషిని సుత్తితో కొడతాడు. తెచ్చిన ఫొటోల్లో బెదిరించేటంత విషయమే లేదు. నిలదీస్తే, కాబ్, తాను కలిసి అతన్ని ఇరికించామని ఆమె ఒప్పుకుంటుంది: ఒక వృద్ధురాలి హత్య విషయంలో కాబ్ మీద అనుమానం ఉందట, అతని పద్ధతిలోనే దొంగతనం చేసే మరొకడు పోలీసులకు కనిపించాలట. ఆమె నమ్మిన ఆ కథ కూడా కట్టుకథే. కాబ్ పని చేసేది ఆ బట్టతల మనిషికి. ఆమె ఆ మనిషి రహస్యం పట్టుకుని బెదిరిస్తోంది కాబట్టి ఆమెను చంపడమే అసలు పని. యువకుడి సుత్తితోనే కాబ్ ఆమెను చంపుతాడు. మన వాడేమో స్వయంగా పోలీసుల దగ్గరకు వెళ్లి, ఉన్నదంతా చెప్పుకుని, తన ఉరితాడు తానే పేనుకుంటాడు.

ఇక్కడ ఆ గురువులోని క్రూరత్వం ఎక్కడుందో చూడండి. సుత్తి దెబ్బను మించిన దుర్మార్గం ఏమిటంటే, అతను చెప్పిన పాఠాల్లో దాదాపు ఏదీ అబద్ధం కాదు. పెట్టె గురించి చెప్పినది నిజమే, మనుషులు తమ వస్తువులతో తమను తాము బయటపెట్టుకుంటారన్నదీ నిజమే. ఆ విద్యనే ఉపయోగించి అతను ముందుగా ఈ శిష్యుడి పెట్టె తెరిచి చూశాడు. అందులో ఒంటరితనం, రచయితనన్న అహంకారం, ఎవరైనా తనను పట్టించుకోవాలన్న ఆకలి కనిపించాయి. ద్రోణుడు ఏకలవ్యుడిని బొటనవేలు అడిగే తీసుకున్నాడు. కాబ్ దక్షిణ అడగడు. శిష్యుడు ఇచ్చాననైనా తెలుసుకోకుండా ఇచ్చేస్తాడు.

తక్కువ డబ్బుతో యాక్షన్ తీయడం అసాధ్యమని నేను అనడం లేదు. రాబర్ట్ రోడ్రిగెజ్ ‘ఎల్ మరియాచీ’ని సుమారు 7,000 డాలర్లతో మెక్సికో సరిహద్దు పట్టణం అకూన్యాలో తీశాడు. మందుల పరీక్షలకు తన శరీరాన్ని అప్పగించి సంపాదించిన డబ్బు అందులో కొంత. ట్రాలీ లేక చక్రాల కుర్చీలో కూర్చుని కెమెరా నడిపించాడు. అరువు తెచ్చుకున్న తుపాకులు ఒక్క గుండు పేలగానే ఇరుక్కుపోతుంటే, వేర్వేరు కోణాల్లో ఒక్కొక్క గుండు తీసి, ఎడిటింగ్‌లో వాటిని ఎడతెగని కాల్పులుగా కలిపాడు. తెలుగులో రామ్ గోపాల్ వర్మ 2011లో ‘దొంగల ముఠా’ను అయిదు రోజుల్లో, ఫొటోలు తీసే డిజిటల్ కెమెరాలతో, గుప్పెడు సాంకేతిక నిపుణులతో ముగించాడు. అయితే అక్కడ రవితేజ, ప్రకాష్ రాజ్ వంటి తెలిసిన ముఖాలు ఉన్నాయి. పేరు లేని నటులతో తీయబోయే మీకు ఆ వసతి ఉండదు. రోడ్రిగెజ్ దారిలో వెళ్లాలంటే ఎడిటింగ్ బల్ల దగ్గర అతనికున్న నేర్పు కావాలి. నోలన్ దారిలో వెళ్లాలంటే ఒక మనిషి ఏడు నిమిషాలు మాట్లాడుతుంటే సెల్‌ఫోన్ వైపు చూడనివ్వని సంభాషణ రాయాలి. రెండోది తేలిక అని దయచేసి అనుకోకండి.

మన చిన్న చిత్రాల్లో వచ్చే గురువుల మీద నాకున్న ఫిర్యాదు కూడా ఇక్కడే చెప్పేస్తాను. గడ్డం, సిగరెట్, నల్లకళ్లద్దాలు, వెనక గంభీరమైన సంగీతం. అతను నోరు తెరిస్తే ‘ఈ లోకంలో రెండే రకాల మనుషులుంటారు’ అని మొదలుపెడతాడు. అతనికి పని తెలియదు. తాళం ఎలా తీస్తాడో, సందులో ఏ ఇంటిని ఎందుకు ఎంచుకుంటాడో, కుక్క మొరిగితే ఏం చేస్తాడో రచయితకే తెలియదు కాబట్టి పాత్రకూ తెలియదు. శర్విలకుడికి గోడల్లో నాలుగు రకాలు తెలుసు. కాబ్‌కు అల్మరాలో పెట్టె ఎక్కడుంటుందో తెలుసు. పని తెలిసినవాడికి మనం అప్పుడే లొంగిపోతాం, వాడు చెడ్డవాడని తెలిసినా సరే.

‘ఫాలోయింగ్’ 1999లో రాటర్‌డామ్ చిత్రోత్సవంలో టైగర్ అవార్డు అందుకుంది; మరుసటి ఏడాదే నోలన్ తర్వాతి చిత్రం ‘మెమెంటో’ వచ్చింది. ఆ తర్వాతి సంగతి మీకు తెలిసిందే. 2010లో వచ్చిన ‘ఇన్సెప్షన్’లో మనుషుల మనసుల్లో దూరి రహస్యాలు కాజేసే దొంగకు నోలన్ మళ్లీ కాబ్ అనే పేరే పెట్టుకున్నాడు. మొదటి కాబ్‌ను పోషించిన అలెక్స్ హా మాత్రం నటనలో కొనసాగక, వాస్తుశిల్పి అయ్యాడు. చిత్రం చివర్లో లండన్ జనంలో కలిసిపోయి మాయమైన మనిషి నిజంగానే అలా మాయమవడం నాకు ఎందుకో బాగా నచ్చింది.

ప్రశ్నలకు ముందు ఒక్క చిన్న కోరిక. కేఫ్ సన్నివేశాన్ని మరొక్కసారి వేయమని నిర్వాహకులను అడిగాను. మొదటిసారి మీరంతా పట్టుబడిన కుర్రవాణ్ని చూశారు. ఈసారి అతన్ని వదిలేసి, కాబ్ వచ్చి కూర్చునే తీరును చూడండి. ఆ బల్ల దగ్గరకు ఎవరు ఎవరిని వెంబడించి వచ్చారో తర్వాత మాట్లాడుకుందాం. దీపాలు ఆర్పండి.