దేవదూతకి ‘అది’ అంటే సరిపోతుందా? | వెన్ ది ఏంజెల్స్ లెఫ్ట్ ది ఓల్డ్ కంట్రీ రివ్యూ

నమస్తే అండి. ఇవాళ్టి పుస్తకం 2022లో వచ్చిన సాషా లాంబ్ నవల. దీన్ని క్వియర్ ప్రేమకథ అంటుంటారు, అంటే మామూలు ఆడ-మగ చట్రంలో ఇమడని ప్రేమ. ఒక దేవదూత, ఒక దయ్యం. పేరు కూడా ‘ష్టెట్ల్’ (యూదుల యిడ్డిష్ భాషలో ‘చిన్న ఊరు’) అనే ఉన్న ఓ బుల్లి యూదు ఊళ్లో ఇద్దరూ శతాబ్దాలుగా కలిసి తల్మూద్ అనే యూదు ధర్మశాస్త్ర గ్రంథం చదువుకుంటూ ఉంటారు. ఎస్సీ (Essie) అనే ఊరివాళ్లమ్మాయి అమెరికా వెళ్లి జాడ లేకుండా పోతుంది. వెతకడానికి ఇద్దరూ ఓడెక్కుతారు. కథ ఇంతే.

దయ్యం తల్మూద్ చదవడం ఏంటి, కామెడీ కాదా అనుకోకండి. తల్మూద్‌లోనే దయ్యాల రాజు అష్మెదాయ్ రోజూ స్వర్గంలో, భూమ్మీదా పాఠశాలకి వెళ్తాడు. నవలలోని మన దయ్యం లిటిల్ ఆష్ పేరు అక్కడిదే. ఇంకోటి, ఒక దేవదూతకి ఒక్క పనే అప్పగిస్తారని పాత యూదు వ్యాఖ్యానాలు చెబుతాయి. అందుకే నవలలో పనిని బట్టి దేవదూత పేరు మారిపోతూ ఉంటుంది. ప్రయాణ కాగితాల మీద ‘ఉరియేల్’ అని ఒకే పేరు పడ్డాక అసలు చిక్కు మొదలవుతుంది. పని అయిపోయినా పేరు పోదు కదా! పేరుతో పాటు ఇష్టాలు, భయాలు, ఆకలి వస్తాయి. నవలలో నాకు బాగా నచ్చింది ఇదే.

క్వియర్ ప్రేమ అన్నారు కదా, ముద్దులు ఏవీ అని అడక్కండి, లేవు. జంటగా కూర్చుని వాదించుకుంటూ చదవడాన్ని ‘హవ్రూతా’ అంటారు. ఆ వాదులాటే ఇక్కడ ప్రేమ. రొమాన్స్ అనుకుని మొదలుపెడితే మొదటి వంద పేజీల్లోనే విసుగొస్తుంది. రోజ్ అనే అమ్మాయి కథ ఇంకోలా ఉంటుంది. కలిసి అమెరికా వెళ్దామనుకున్న స్నేహితురాలు పెళ్లి చేసుకుంటే, తనకి అంత కోపం ఎందుకొచ్చిందో తనకే అర్థం కాదు. మనకి మాత్రం రెండో పేజీకే తెలిసిపోతుంది.

చదివే ముందు రెండు విషయాలు. ఈ ఊరు ఉన్న అప్పటి రష్యా సామ్రాజ్యంలో యూదులు ఎక్కడపడితే అక్కడ ఉండకూడదు. 1791లో మొదలై 1917 దాకా నిలిచిన ‘పేల్’ హద్దులోనే బతకాలి. న్యూయార్క్‌లో వలస వచ్చినవాళ్లని తనిఖీ చేసే ఎల్లిస్ ద్వీపం దగ్గర డాక్టర్లు కనురెప్ప తిప్పి ట్రకోమా అనే అంటు కంటిజబ్బు ఉందేమో చూసేవాళ్లు. ఉంటే వెనక్కి పంపేసేవాళ్లు. ఇది తెలిస్తే అక్కడి ఘట్టాల్లో బిగువు పెరుగుతుంది. తెలియకపోతే ఉత్త క్యూలా అనిపిస్తుంది.

లోపం? విలన్లలో మంచి మచ్చుకైనా కనిపించదు. బట్టల కార్ఖానాల సమ్మె భాగం ఇంకొంచెం నిలబడి చెప్పాల్సింది.

ఇంగ్లీషులో దేవదూతని ‘ఇట్’ అన్నారు. తెలుగులోకి తెస్తే చిక్కే. ‘వచ్చింది’ అంటే వస్తువుకీ ఆడమనిషికీ ఒకటే క్రియ, చదివేవాళ్లు ఆడదేవదూత అనుకుంటారు. ‘తను’ వాడి ‘వచ్చారు’ అంటే లింగం తెలియదు గానీ, దయ్యం తన నేస్తాన్ని అంత మర్యాదగా తల్చుకోడు కదా. మీరైతే ఏం పెడతారో కామెంట్లలో రాయండి.