మైనం పోయిన చోట మెట్టె: ఇంట్లో వెండి పోత

అందరికీ నమస్కారం. ఆ మూల బల్ల మీద గుయ్‌మంటున్న చిన్న ఫర్నేస్‌ని చూసి ఎవరూ కంగారు పడకండి. అది తెల్లవారుజామున నాలుగింటి నుంచీ ఆన్‌లోనే ఉంది. దాని లోపల ఒక స్టీలు గొట్టం, గొట్టం నిండా ప్లాస్టర్, ఆ ప్లాస్టర్‌లో నిన్న రాత్రి దాకా రెండు మైనపు మెట్టెలు ఉన్నాయి. ఇప్పుడు లేవు, కరిగి కారిపోయాయి, మిగిలింది కాలిపోయింది. ఇంకో నలభై నిమిషాల్లో ఆ ఖాళీలోకి వెండి ఎక్కిద్దాం, ఈలోపు నేను మాట్లాడతాను.

నన్ను అందరూ ముందు అడిగేది ఒకటే, "ఇంట్లో వెండి ఎలా కరిగిస్తావు, భయం వెయ్యదా?" అని. స్వచ్ఛమైన వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మనం నగలకి వాడే 92.5 వెండి, అంటే నూటికి ఏడున్నర పాళ్లు రాగి కలిపింది, 900 కూడా చేరకముందే పూర్తిగా నీళ్లయిపోతుంది. మంచి గ్యాస్ టార్చ్ ఉంటే ఇరవై గ్రాములు నాలుగైదు నిమిషాల పని. నా ఐదేళ్లలో వెండి కరిగించేటప్పుడు పాడైనవి రెండో మూడో, ప్లాస్టర్ దగ్గర పాడైనవి మాత్రం లెక్కపెట్టడం మానేశాను. అందుకే ఇవాళ వెండి గురించి తక్కువ, ప్లాస్టర్ గురించి ఎక్కువ చెబుతాను. వెండి నగల గురించి విందామని వచ్చినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

ఈ పద్ధతికి పాత పేరు మధూచ్ఛిష్ట విధానం. మధు ఉచ్ఛిష్టం అంటే తేనె ఎంగిలి, తేనె పిండేశాక మిగిలేది మైనమే కదా, ఎవరు పెట్టారో గానీ నాకు ఈ పేరు భలే ఇష్టం. మొహెంజొదారోలో 1926లో దొరికిన నాట్యగత్తె బొమ్మ, జానెడు కూడా లేనిది, ఇలా పోసిందే. స్వామిమలైలో పంచలోహ విగ్రహాలు ఇప్పటికీ ఇలానే పోస్తారు. మన ఆసిఫాబాద్ జిల్లా ఉషేగావ్‌లో ఓజా కుటుంబాలు ఇత్తడి బొమ్మలు చేసేదీ ఇలానే, దానికే ఆదిలాబాద్ డోక్రా పేరుతో 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ మాత్రం వేరు, అది తీగ పని, పోత కాదు, చాలామంది రెండూ కలిపేస్తారు.

కానీ నాలాంటి ఇంటి పనివాళ్ల చేతికి ఈ పద్ధతి వచ్చింది శిల్పుల నుంచి కాదు, పళ్ల డాక్టర్ల నుంచి. అమెరికాలో విలియం టాగర్ట్ అనే దంతవైద్యుడు 1907లో, పంటి గుంతలో పెట్టే బంగారాన్ని మైనం అచ్చుతో పోత పోసి చూపించాడు. నగలవాళ్లు ఆ సరంజామానే తర్వాత తమకి తగ్గట్టు మార్చుకున్నారు. అందుకే నేను మైనం కోసం నగల షాపుకి వెళ్లను, కోఠీలో డెంటల్ సామాన్లమ్మే షాపుకి వెళతాను. గులాబి రంగు మైనం షీట్లు, చెక్కడానికి సన్నటి పనిముట్లు అన్నీ అక్కడే. ఆ ఫర్నేస్ కూడా ఒక డెంటల్ ల్యాబ్ వాళ్లు తీసేస్తుంటే సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే. వెండి గుళ్లు మాత్రం చార్‌కమాన్ వైపు వెళ్లి తెచ్చుకుంటాను.

మైనం దగ్గర ఒకే మాట చెబుతాను. మైనం మీద ఏముంటే వెండి మీద అదే వస్తుంది, గీత కూడా వదలదు. నేను పోసిన మొదటి మెట్టె లోపలి వైపు నా బొటనవేలి ముద్ర అచ్చు గుద్దినట్టు ఉంది. మైనంలో ఉన్నప్పుడు గోరువెచ్చటి చెంచా ఒకసారి తాకిస్తే పోయేది, వెండి అయ్యాక ఆకురాయితో గంట కూర్చోవాలి. ఇంకోటి, మే నెలలో మా మేడ మీద గదిలో మైనం చేతిలోనే నీరుగారిపోతుంది, పక్కన చల్లటి నీళ్ల గిన్నె పెట్టుకుని నిమిషానికోసారి ముంచుకుంటూ పని చెయ్యాలి.

మైనం అచ్చు తయారయ్యాక నేను నేరుగా ప్లాస్టర్ కలపడానికి వెళ్లిపోయేదాన్ని. మా ఊళ్లో పోత పని చేసే ఆచారి గారు ఒకాయన ఉన్నారు, చిన్నప్పటి నుంచీ బాబాయ్ గారూ అనే పిలుస్తాను. ఒకసారి ఫోన్ చేసి, "బాబాయ్ గారూ, ఈసారి కూడా మెట్టె సగమే వచ్చింది" అన్నాను. ఆయన అడిగింది ఒకటే, "మైనం తూచావా అమ్మా?" తూచలేదు. కళ్లతో చూసి ఇంత వెండి సరిపోతుందిలే అనుకున్నాను. ఆ ఖాళీకి నా అంచనాతో పనిలేదు, దానికి పట్టేంత వెండి దానికి కావాలి. 92.5 వెండి మైనం కంటే పదిన్నర, పదకొండు రెట్లు బరువు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసంలో కూడా ఈ లెక్క ఉంది, మైనానికి పన్నెండు రెట్లు వెండి తీసుకోమని. కాస్త ఎక్కువే అనిపిస్తుంది గానీ, వెండి లోపలికి దిగే దారిలో మిగిలిపోయేదానికీ ఇంత ఉండాలి కదా. ఇవాళ్టి జత మెట్టెలు, వాటికి అతికించిన మైనపు పుల్లలు, అవి కరిగిపోతే మిగిలేవే ఆ దారులు, అన్నీ కలిపి 1.1 గ్రాములు తూగాయి. పదకొండు రెట్లంటే పన్నెండు గ్రాములు, పైన ముద్దగా మిగలడానికి ఇంకో ఎనిమిది, మొత్తం ఇరవై గ్రాముల వెండి ఆ చిన్న గిన్నెలో తూచి పెట్టాను.

ఇప్పుడు ప్లాస్టర్. మొదట్లో నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. వినాయకుడి బొమ్మలు చేసే ధూల్‌పేట వెళ్లి ఒక సంచీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తెచ్చుకున్నాను, అది చవక, గట్టిపడుతుంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఫర్నేస్‌లోంచి తీసేసరికి అచ్చు నెర్రెలు విచ్చి, ఎండాకాలం చెరువు అడుగులా ఉంది. ఉత్త ప్లాస్టర్ వేడికి కుంచించుకుపోతుంది, దానికి తోడుగా, వేడికి వ్యాకోచించే సిలికా కలపాలి. అలా కలిపి అమ్మేదాన్ని ఇన్వెస్ట్‌మెంట్ పౌడర్ అంటారు, పేరు విని మ్యూచువల్ ఫండ్ అనుకోకండి. అందులో సిలికా ఉంది కాబట్టి, కలిపేటప్పుడూ, తర్వాత ఎండిన అచ్చు పగలగొట్టేటప్పుడూ మాస్క్ లేకుండా దాని దగ్గరికి వెళ్లొద్దు. రాళ్ల క్రషర్లలో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల్ని తినేసే సిలికోసిస్ ఈ దుమ్ముతోనే వస్తుంది. కరోనా నాటి ఎన్95 లు ఇంట్లో ఎక్కడో పడే ఉంటాయి, వెతకండి.

వంద గ్రాముల పొడికి నలభై మిల్లీలీటర్ల నీళ్లు. పొడిని నీళ్లలో పోయాలి. కలపడం, గాలి తీయడం, గొట్టంలో పోయడం అంతా కలిపి తొమ్మిది పది నిమిషాల్లో అయిపోవాలి, ఆ తర్వాత అది మన మాట వినదు. పెద్ద వర్క్‌షాపుల్లో వ్యాక్యూమ్ పంపుతో గాలి లాగేస్తారు. నా దగ్గర లేదు. మైనానికి అంటుకున్న ప్రతి గాలి బుడగా వెండి మీద ఆవగింజంత బొడిపెగా వస్తుంది, నా తొలి మెట్టెలు చూస్తే అమ్మవారు పోసినట్టు ఉండేవి. దీనికి మందు ఉషేగావ్‌లో దొరికింది. వాళ్లు మైనపు బొమ్మ మీద ముందు మెత్తటి, జల్లించిన మట్టి పలచగా పూస్తారు, అది అతుక్కున్నాకే ముతక మట్టి. నేనూ అదే మొదలుపెట్టాను. మైనాన్ని గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టి, చిక్కటి ప్లాస్టర్‌ని మెత్తటి కుంచెతో మూలమూలలా పూసి, ఆ తర్వాతే గొట్టంలో పెట్టి మిగతాది అంచు వెంబడి మెల్లగా పోస్తాను. పోశాక బల్ల కింద నుంచి పిడికిలితో దబదబా కొడుతూ ఉండాలి, బుడగలు పైకి వస్తాయి. మా కింది ఫ్లాట్ ఆంటీకి ఇప్పుడు అలవాటైపోయింది.

రెండు గంటలు కదపకుండా ఉంచితే గట్టిపడుతుంది. తర్వాత ఫర్నేస్‌లో మూతి కిందికి పెట్టి, 150 డిగ్రీల దగ్గర రెండు గంటలు, మైనం కారిపోవడానికి, ప్లాస్టర్‌లో ఉన్న నీరు నెమ్మదిగా ఆవిరవడానికి. ఇక్కడ తొందరపడితే ఆ ఆవిరే అచ్చుని చీలుస్తుంది. 370 దగ్గర ఇంకాసేపు. ఆ తర్వాత 730 దాకా తీసుకెళ్లి మూడు గంటలు, మైనం మసి కూడా మిగలకుండా కాలేదాకా. గొట్టం మూతి చుట్టూ నల్లగా ఉంటే ఇంకా అవ్వలేదని, తెల్లగా సున్నం కొట్టినట్టుంటే అయిపోయిందని. పూర్తిగా కాలిపోవాలని 800కి పెట్టకండి, ప్లాస్టర్‌లోని జిప్సమ్ విడిపోయి గంధకపు వాయువు వస్తుంది, వెండి నల్లబడి, గుంటలు పడి, పెళుసై కూర్చుంటుంది. చివర్లో 500 చిల్లరకి దించి ఉంచుతాం, ఇప్పుడు మనది ఆ మెట్టు మీదే ఉంది. ఇదంతా గాలి ఆడే చోట, మేడ మీద చెయ్యండి. వంటింటి ఓవెన్‌లో మాత్రం వద్దు, అది 250 దాటదు, ఇల్లంతా మైనం పొగ.

ఒకసారి రాత్రి రెండింటికి, సరిగ్గా 700 దగ్గర ఉండగా, కరెంటు పోయింది. మూడు గంటలకు వచ్చింది గానీ అప్పటికి చిన్న ఫర్నేస్ బాగా చల్లారిపోయింది. పోనీలే మళ్లీ వేడి చేద్దాం అనుకున్నాను. సిలికా సంగతి అప్పుడు తెలిసింది. అది కొన్ని వేడిమిల దగ్గర హఠాత్తుగా సైజు మారుతుంది, బాగా చల్లారి మళ్లీ వేడెక్కితే అచ్చులో జుట్టంత సన్నటి చీలికలు పడతాయి, పైకి కనిపించవు. పోత పోసి, అచ్చు విప్పి చూస్తే మెట్టె చుట్టూ రేకుల్లాంటి వెండి రెక్కలు, చీలికలన్నింట్లోకీ వెండి వెళ్లిపోయింది. చేప మొప్పల్లా ఉంది. దాన్ని అలాగే దాచాను, ఇదిగో, చేతులు మార్చుకుంటూ చూడండి, అంచులు కోసుకుంటాయి జాగ్రత్త.

ఇక పోత. గిరగిరా తిప్పి వెండిని లోపలికి తోసే సెంట్రిఫ్యూజ్, గాలి లాగే వ్యాక్యూమ్ మిషన్ ఏవీ లేకుండా ఇంట్లో చేసే దారి ఆవిరి పోత. జాడీ మూత లాంటి ఇనుప మూతకి చెక్క పిడి బిగించి, దానిలో తడిపిన న్యూస్‌పేపర్ మందంగా కూరుతాను. గొట్టం మూతిని పైకి తిప్పి, అక్కడున్న గుంటలోనే వెండి గుళ్లు పెట్టి, చిటికెడు వెలిగారం చల్లి, టార్చ్‌తో కరిగిస్తాను. గుంట నుంచి కిందికి వెళ్లే దారులు ఒకటిన్నర మిల్లీమీటర్లే, వెండి తామరాకు మీద నీటిబొట్టులా వాటి మీద నిలబడుతుంది గానీ తనంతట తాను దిగదు. దారి లావుగా పెడితే ముందే జారి మధ్యలో గడ్డకడుతుంది. అద్దంలా మెరుస్తూ, టార్చ్ కదిపితే తొణికేలా అయ్యాక, మంట తీసిన మరుక్షణం మూత గట్టిగా నొక్కాలి. బుస్సుమంటుంది. ఆ ఆవిరే వెండిని లోపలికి తోస్తుంది. ఇరవై, ముప్ఫై సెకన్లు వదలకూడదు. పేపరు తడిగా ఉండాలి, నీళ్లు కారకూడదు, కరిగిన వెండి మీద చుక్క పడితే ఎగిరి మీ మీదే పడుతుంది.

ఎరుపు తగ్గాక గొట్టాన్ని పట్టుకారుతో బకెట్ నీళ్లలో ముంచితే ప్లాస్టర్ భళ్లున విడిపోతుంది. వచ్చిన మెట్టె నల్లగా, అసహ్యంగా ఉంటుంది, నిరుత్సాహపడకండి. కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు వేడి నీళ్లలో కలిపి అందులో వేస్తే తెల్లబడుతుంది. ఇనుప పట్టుకారుతో మాత్రం తియ్యకండి, నీళ్లలోకి దిగిన రాగి అంతా వచ్చి వెండి మీద కూర్చుని గులాబి రంగు పూత పూస్తుంది. ఆ రోజు నేను ఏదో ఆల్కెమీ కనిపెట్టాననుకున్నాను. చెక్క పుల్లో ప్లాస్టిక్ చెంచానో వాడండి. తర్వాత ఆకురాయి, ఎమరీ పేపర్లు, చివర్లో కుంకుడు రసం.

సరే, ఫర్నేస్ 510 చూపిస్తోంది. లేచి వచ్చేవాళ్లు రండి, నైలాన్ చీరలు, చున్నీలు ఉన్నవాళ్లు రెండో వరసలో ఆగండి, జుట్టు ముడేసుకోండి. బాబూ, ఆ న్యూస్‌పేపర్ తడిపావా? పిండు, ఇంకా పిండు. ఆ, చాలు.