గొర్రె ఉన్నికి మన పెరట్లో చోటు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా గౌరవించడం మర్యాదే గానీ, నాకిచ్చిన సమయంలో సగం దానికే సరిపోతుంది కనుక, మన్నించమని కోరుతూ నేరుగా ఉన్ని దగ్గరికి వస్తున్నాను.

హన్మకొండ ఎండల్లో మొక్క పాదు ఆరిపోకుండా వరిగడ్డి, ఎండుటాకులు, కొబ్బరిపీచు కప్పడం మీకు కొత్త కాదు. ఆ పనికే గొర్రె ఉన్నినీ వాడవచ్చు. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకున్నా చేతికి తడి తగలదు. అది మన గోళ్లలో, జుట్టులో ఉండే కెరాటిన్ అనే మాంసకృత్తే; శుభ్రమైన ఉన్నిలో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది. యూరియాలో 46 శాతం ఉన్నప్పటికీ అది నీళ్లలో ఇట్టే కరుగుతుంది. ఉన్నిని మాత్రం సూక్ష్మజీవులు నెలల తరబడి విప్పుకోవలసి వస్తుంది గనుక మొక్కకు కొద్దికొద్దిగా అందుతుంది.

ఇది నేను చదివి నేర్చుకున్న సంగతి కాదు. మా నాయన గొంగళ్లు నేసేవారు. చింతగింజల గంజి పెట్టి తాను నేసుకున్న నల్ల గొంగడి ఏళ్ల తరబడి ఆయన భుజాన వానకూ చలికీ ఉండి, చివరికి చిల్లులు పడినప్పుడు, మా అమ్మ దాన్ని ముక్కలు చేసి నిమ్మచెట్టు పాదులో పరిచింది. ఆయన రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నడివేసవిలో ఒకనాడు తానే ఒక ముక్క ఎత్తి చూసి, కింద చల్లగా ఉన్న మట్టిలో వానపాము కదలడం గమనించి, మళ్లీ కప్పి, "ఇంకో ముక్క ఉన్నదా?" అని అడిగారు.

1851లో లండన్ ప్రదర్శనకు తివాచీలు పంపిన ఊరు మన వరంగల్. ఐనవోలు మల్లన్న జాతరకు గొంగడి కప్పుకొని వచ్చే కురుమలు మన పొరుగువారే. అయినా కత్తిరించిన ఉన్నిని కొనేవారు లేక వాళ్లు గట్టు మీద పారబోస్తున్నారు, కత్తిరింపు కూలి కూడా గిట్టడం లేదు. మాంసానికి పెంచే నెల్లూరు జాతికి ఉన్నే ఉండదు. ఉన్నిచ్చే దక్కనీ గొర్రెను ఇక ఎందుకు పెంచాలని అడిగితే, అయ్యా, అమ్మా, మీ దగ్గర ఏం జవాబు ఉన్నది? నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు గానీ, నేను విషయం దాటలేదు.

ఉన్నిని కడగనక్కరలేదు. పెంట అంటుకొని నేతకు పనికిరాని పొట్టకింది ఉన్నే మనకు మేలు. అయితే గొర్రెలకు పురుగుమందు పట్టించారేమో కాపరిని అడగండి. ఎండు ఉన్ని చిన్న జల్లును తానే తాగేస్తుంది కనుక ముందు మట్టిని బాగా తడిపి, ఉన్నిని చేత్తో విప్పి రెండు వేళ్ల మందాన పరిచి, కాండం చుట్టూ కాస్త చోటు వదిలి, పైన పిడికెడు మట్టి చల్లండి, లేకుంటే గాలికి పోతుంది. నత్తలు రావంటారు గానీ, మా పెరట్లోకి వచ్చాయి. తడిసినప్పుడు వాసన కూడా వస్తుంది. మొదటి వారం మా పక్కింటివారు గోడ మీదుగా తొంగిచూశారు.

గుమ్మం దగ్గర రెండు బస్తాలు పెట్టాను. కాపరి ఉచితంగా ఇస్తానన్నా నేను ఒప్పుకోలేదు. మీ సంచిలో పట్టినంత తీసుకొని, తోచిన డబ్బు పక్కనున్న డబ్బాలో వేయండి; వచ్చే కత్తిరింపుకు ఎవరికెంత కావాలో ఆ నోటుపుస్తకంలో రాయండి, ఆదివారం ఆయనకు చూపించాలి.