31 ఆట: ముక్క తీయాలా, బల్ల తట్టాలా?

(తెర మీద: ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాజు, డైమన్ నాలుగు)

పంచగానే ఈ మూడు ముక్కలు మీకొచ్చాయి. మొదటి వంతు మీదే. కొత్తవాళ్లు చాలామంది ఇంకో ముక్క తీస్తారు. నేనైతే బల్ల తట్టేస్తాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆట తెలియాలి.

జోకర్లు తీసేసిన 52 ముక్కల పేకకట్ట చాలు. మనిషికి మూడు ముక్కలు పంచి, మిగతా కట్ట బోర్లా పెట్టి, ఒక ముక్క తిప్పి పక్కన వేస్తారు. మీ వంతులో కట్టలోదైనా, తెరిచి ఉన్నదైనా ఒకటి తీసుకుని, ఒకటి పడేయాలి. చేతిలో ఎప్పుడూ మూడే.

ఆసుకు 11. రాజు, రాణి, జాకీ, పదికి తలా 10. మిగతావాటికి అంకె ఎంతో అంతే. కానీ ఒకే గుర్తు ముక్కలే కలుస్తాయి.

(తెర మీద: డైమన్ నాలుగు మసకబారుతుంది)

అందుకే మన చేతిలో ఉన్నది 21. ఆ డైమన్ ఉన్నా లేనట్టే. ఆసు, అదే గుర్తులో పది పాయింట్ల ముక్కలు రెండు పడితే 31. అది పడిన వెంటనే చూపించేస్తే మిగతా అందరికీ తలా ఒక గింజ పోతుంది.

అన్నట్టు, గింజల సంగతి చెప్పలేదు కదా! తలా మూడు గింజలతో మొదలుపెడతారు, గుండీలైనా సరే. రౌండ్‌లో అందరికన్నా తక్కువున్నవాళ్లు ఒకటి వదులుకోవాలి. చివరిదాకా మిగిలినవాళ్లదే గెలుపు.

ఎవరైనా ముక్క తీయకుండా బల్ల తడితే, మిగతావాళ్లకి ఒక్కో వంతే ఉంటుంది. తర్వాత అందరూ ముక్కలు చూపించాలి. తట్టిన మనిషే అడుగున ఉంటే రెండు గింజలు పోతాయి.

కిటుకంతా ఇక్కడే ఉంది. మీరు అందరికన్నా పైన ఉండక్కర్లేదు, అడుగున లేకపోతే చాలు. మూడు ముక్కల చేతులు మొత్తం 22,100. అందులో 31 వచ్చేవి 24 మాత్రమే. మూడూ ఒకే గుర్తువి 1,144, అంటే నూటికి ఐదు. నూటికి దాదాపు 40 చేతుల్లో మూడూ మూడు గుర్తులే, వాటి లెక్క 11 దాటదు. రెండు ముక్కలు కలిసినా 21కి మించదు. మొదటి వంతులోనే 21తో తట్టిన మీరు అడుగున పడాలంటే, మిగతా అందరూ ఆ ఒక్క వంతులోనే మిమ్మల్ని దాటాలి. నలుగురైదుగురు ఆడుతుంటే అది జరిగే పనేనా?

అదే 21 నాలుగు చుట్లు తిరిగాక తడితే మాత్రం దెబ్బతింటారు. అప్పటికి అందరి చేతులూ కుదురుకుంటాయి. 26, 27 లేకుండా నేను తట్టను. ఈలోగా మీ తర్వాతి మనిషి మీద కన్నేయండి, మీరు పడేసిన ముక్క ముందు అందేది వాళ్లకే. వాళ్లు కళావరు రాణి ఏరుకున్నారంటే, మీ కళావర్లు కాసేపు చేతిలోనే ఉంచుకోండి.

ఒకే అంకెవి మూడు పడితే 30.5 ఇచ్చేవాళ్లూ ఉన్నారు. పాయింట్లు సమానమైతే ఏంటన్నదీ ముందే మాట్లాడుకోండి, తర్వాతైతే గొడవే.

(తెర మీద: ఒకే ఒక్క గింజ)

మీకు ఒక్క గింజే మిగిలిందా? తట్టడానికి భయమెందుకు, రెండోది పోవడానికి లేదుగా!