లెస్టర్‌లో మా చర్చి మీటింగ్: పక్కింటి బా గారికి కూడా ఓటుంది!

నమస్తే అండి, అందరూ బాగున్నారా? దోర్నకల్ నుంచి అమ్మ, ఖమ్మం నుంచి పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది ఒకటే. "అక్కడి గుడి ఎట్లుంటది, ఆదివారం ఏం చేస్తరు, ఒకసారి చూపియ్యి" అని. ఆరాధన జరిగేటప్పుడు కెమెరా తీయడం నాకు ఇష్టం లేదు. పైగా ఇక్కడ ఇంగ్లండులో పిల్లల మొహాలు వీడియోలో పడాలంటే తల్లిదండ్రులను అడగాలి. అందుకే అందరూ టీకి లేచాక రంగు అద్దాల కిటికీలు, బల్లలు తీశాను. అవి చూస్తూ ఉండండి, ఆరాధన తర్వాత జరిగిన మీటింగ్ సంగతి చెప్తాను.

ఇంటి నుంచి బస్సుకి 3 పౌండ్లు. పౌండు 115 రూపాయలు వేసుకుంటే 345. ఆ డబ్బుతో దోర్నకల్ నుంచి హైదరాబాదుకి జనరల్ టికెట్ మీద పోయి రావచ్చు. దారిలో బెల్‌గ్రేవ్ రోడ్డు చూపిస్తున్నాను, చూడండి. చీరల కొట్లు, బంగారం కొట్లు, మిఠాయి కొట్లు, అన్నీ మనవే. ఇక్కడ దిగి కరివేపాకు కొన్నాను. చిన్న ప్యాకెట్టు పౌండు. పెరట్లో చెట్టున్న వాళ్లు ఒక్కసారి ఆ చెట్టుకి దండం పెట్టుకోండి.

ఈ రోడ్డుకి ఒక కథ ఉంది. 1972లో ఉగాండా పాలకుడు ఈదీ అమీన్ ఆ దేశం నుంచి మనవాళ్లను వెళ్లగొట్టినప్పుడు, లెస్టర్ కౌన్సిల్ అక్కడి పేపర్లో "మా ఊరికి రావద్దు" అని ప్రకటన వేయించింది. అయినా వచ్చారు, కొట్లు పెట్టారు, ఊరిని నిలబెట్టారు. మా పక్కింటి బా (గుజరాతీలో అమ్మను, పెద్దావిడను అలా పిలుస్తారు) అలా వచ్చిన ఆవిడే. నాకు జ్వరమొస్తే ఖిచిడీ పట్టుకొచ్చేది ఆవిడ.

ఇక మీటింగ్. సంఘం ముందు ముందు ఎలా పెరగాలి, చుట్టుపక్కల వాళ్లకి ఏం చేయాలి అని ఇక్కడ చాలా చర్చిలు ఒక ప్రణాళిక రాసుకుంటాయి. మిషన్ యాక్షన్ ప్లాన్ అంటారు. ఇక్కడ మా పాస్టర్ అయ్యగారు కాదు, ఒక ఆవిడ. వికర్ అంటారు. గోడకి పారిష్ మ్యాప్, అంటే మా గుడి పరిధి చూపించే పటం, అంటించి, ముందు ఊరి లెక్కలు చెప్పారు. 2021 జనగణనలో లెస్టర్‌లో ఆసియా వాళ్లు 43.4 శాతం, తెల్లవాళ్లు 40.9 శాతం. క్రైస్తవులు 24.7, ముస్లింలు 23.5, హిందువులు 17.9. అంటే ఏ ఒక్కరూ సగం లేరు. "ఈ గుడి ఎవరికోసం?" అని అడిగి ఆవిడ కూర్చున్నారు.

ఇక్కడే నాకు భలే నచ్చిన తేడా ఒకటుంది. మన దగ్గర సంఘం అంటే పుస్తకంలో పేరున్న కుటుంబాలు. ఇంగ్లండులో మాత్రం దేశమంతా పారిష్‌లుగా గీతలు గీసి ఉంటుంది, 12 వేలకు పైనే. ఆ గీత లోపల ఉన్న ప్రతి మనిషీ, ఏ మతమైనా, వికర్ గారి బాధ్యతే. ఇంకో సంగతి వినండి. చర్చి వార్డెన్లని ఇద్దరుంటారు. గుడి సామాను, మరమ్మతులు చూసే పెద్దలు. వాళ్లను ఎన్నుకునే సభలో, పారిష్‌లో కాపురముండి కౌన్సిల్ ఓటర్ల జాబితాలో పేరున్న ఎవరైనా ఓటేయొచ్చు. అంటే మా బా కూడా! ఆవిడకి చెబితే ముందు నమ్మలేదు. తర్వాత "అయితే ఆ గేటు దగ్గర లైటు వేయించమని చెప్తా, చీకట్లో పడతాం" అంది.

మీటింగులో ఒకాయన, అన్ని దేశాల వంటలతో ఒక ఆదివారం పెడదామన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ నాకు గుండెలో ఏదో కలుక్కుమంది. కొత్తగా వచ్చిన మమ్మల్ని ఎప్పుడూ వంటే అడుగుతారు. నైజీరియా అక్కలు జొలోఫ్ అన్నం, కేరళ వాళ్లు అప్పం, నేను పులిహోర. తిని మెచ్చుకుంటారు. కానీ హీటర్ ఎప్పుడు వేయాలి, కానుకల డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి అన్నప్పుడు ఆ బల్ల చుట్టూ మేం ఉండం.

లేచి మా దోర్నకల్ సంగతి చెప్పాను. మా బిషప్ అజరయ్య గారు 1912లో ఆంగ్లికన్ సంఘానికి, అంటే ఈ ఇంగ్లండు చర్చి కుటుంబానికి, మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో మిషనరీల ముందు నిలబడి, మీరు మాకు ఎంతో ఇచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. ఆ తర్వాత ఆయన కట్టించిన దోర్నకల్ గుడి 1939లో ప్రతిష్ఠ అయింది. ఆ ఊరి మనిషి చూడగానే మనదే అనుకునేలా, మన కోవెల పద్ధతీ మసీదు పద్ధతీ కలిపి కట్టించారు. ఇది చెప్తుంటే నా గొంతు వణికింది. అమ్మా, నువ్వు ఆ గుడి మెట్ల మీద నన్ను కూర్చోబెట్టి పాటలు నేర్పావు కదా, అవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

ఎవరూ నొచ్చుకోలేదు. వెనక బల్లలు తీసేసి చిన్నపిల్లల తల్లులకి చోటు చేద్దామన్న మాట మీద మాత్రం చాలాసేపు నలిగింది. ఒక పెద్దావిడ భర్త చివరిదాకా ఆ బల్ల మీదే కూర్చున్నారట. ఆవిడ బాధ నాకు అర్థమైంది. ఇక్కడ పాత గుడిలో ఒక బల్ల తీయాలన్నా డయోసిస్ (బిషప్ గారి పరిధి) నుంచి ఫ్యాకల్టీ అనే అనుమతి రావాలి. కాబట్టి తొందరేమీ లేదు, ఆవిడతో నిదానంగా మాట్లాడదామన్నారు.

ప్లానులో రాసింది ఇది: బుధవారాలు ఇంగ్లీషు మాట్లాడే క్లాసు, నెలకోసారి వాక్యపఠనం సంఘస్థుల భాషల్లో, గేటు దగ్గర లైటు, పీసీసీ అనే సంఘ కమిటీలో కొత్తగా వచ్చిన వాళ్లకి చోటు. మొదటి మూడూ తేలిక. నాలుగోది జరగకపోతే మిగతావి ఎంతో కాలం నిలవవని నా నమ్మకం.

ఆ పీసీసీ ఎన్నిక మే 31లోపు జరగాలి. నిలబడాలంటే సంఘం జాబితాలో పేరెక్కి ఆరు నెలలు దాటాలి. నాకు దాటింది, పేరు ఇచ్చాను. ప్రతిపాదించడానికి నైజీరియా అక్క సంతకం పెట్టింది. బలపరచడానికి ఇంకొకరు కావాలి. వచ్చే ఆదివారం ఆ పెద్దావిడనే అడుగుతాను.