మునగకు ఎరువెంత, నీరెంత

శ్రోతలకు నమస్కారం. విశాఖపట్నంలో కాస్త పెరడున్న ఇళ్లలో మునగ చెట్టు కనిపించడం కొత్త కాదు. అయితే "చెట్టు ఏపుగా ఎదిగింది గానీ కాయ లేదు" అన్న ఫిర్యాదు కూడా కొత్త కాదు. చాలా సందర్భాల్లో దీనికి కారణం తెగులు కాదు, అతిగా వేసిన యూరియా, రోజూ పోసిన నీరు.

జానెడు మునగ మొక్కను పెకలించి చూస్తే, తల్లివేరు అప్పటికే ముల్లంగి దుంపలా ఊరి ఉంటుంది. నీటిని దాచుకొనే ఆ వేరు వల్లనే మునగ ఎండను తట్టుకొంటుంది. మొక్క మొదలు దగ్గర నీరు నిలిస్తే ముందుగా కుళ్లేదీ ఆ వేరే.

అడుగున్నర లోతు, అంతే వెడల్పు గల గొయ్యి తవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు 10 నుంచి 15 కిలోలు పైమట్టితో కలిపి నింపాలి. చివికిన ఎరువును పిడికిట పట్టితే వేడి తగలదు, పేడ వాసన రాదు, పొడిపొడిగా రాలుతుంది. పచ్చి పేడ వేస్తే చెదలను పిలిచినట్లే. ఆనందపురం, పెందుర్తి వైపు ఎర్రనేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి, అక్కడ పశువుల ఎరువు మొక్కకు తిండి మాత్రమే కాక, పోసిన తడిని నాలుగు రోజులు పట్టి ఉంచే ఆధారం కూడా. సముద్రపు ఒడ్డున ఇసుక నేలల్లో పోషకాలు నీటితోపాటు కిందికి దిగిపోతాయి కనుక ఎరువును కొద్దికొద్దిగా, పలుమార్లు వేయడం మేలు.

తమిళనాడులోని పెరియకుళంలో రూపొందిన పీకేఎం-1 రకం విత్తిన ఆరు నెలలకే కాపుకొస్తుంది. దీనికి మూడో నెలలో మొక్కకు 45 గ్రాముల నత్రజని, 15 గ్రాముల భాస్వరం, 30 గ్రాముల పొటాష్, ఆరో నెలలో మరో 45 గ్రాముల నత్రజని సిఫారసు చేస్తారు. ఒక్కో విడతకు కావలసిన 45 గ్రాముల నత్రజని సుమారు 100 గ్రాముల యూరియాలోనే దొరుకుతుంది. అంతకు మించితే ఆకు పెరుగుతుంది, పూత తగ్గుతుంది. ఆకుకూర కోసమే పెంచేవారికి ఇది నష్టం కాదు, కాయ కోరేవారికే నష్టం.

నీటి విషయానికొస్తే, మొదటి రెండు నెలలు నేల ఆరకుండా చూడాలి. తరువాత పది పదిహేను రోజులకొక తడి చాలు. పూత మీద నేల పూర్తిగా ఎండినా, మరీ తడిసినా పువ్వు రాలుతుంది. అందుకే వేలు రెండంగుళాలు మట్టిలోకి దించి, పొడిగా తగిలితేనే నీరు పెట్టాలి. వర్షాకాలంలో పాదు గట్టు తెంచి, మొదలు చుట్టూ మట్టి ఎగదోయాలి.

నత్రజని, నీరు ఎక్కువై సన్నగా పొడుగు సాగిన కొమ్మలు అక్టోబరు, నవంబరు తుపాను గాలులకు పుటుక్కున విరుగుతాయి. 2014లో హుద్‌హుద్‌ను చూసిన ఊరికి గాలి సంగతి వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి మొక్క రెండున్నర అడుగులకు రాగానే తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి, చెట్టు గుబురుగా, కాయ చేతికందే ఎత్తులో నిలుస్తుంది. తుంచిన చిగురు ఆ పూట పప్పులోకి పనికొస్తుంది.